నోరు మూయించిన సర్వర్

సుధాకరన్ బీచ్ రోడ్డు గట్టు మీద కూర్చుని వేరుశనగలు తింటున్నాడు. ఉదయపు నడకకు వచ్చిన జనం అతని ముందు నుంచి పోతున్నారు. టోపీ పెట్టుకున్న ఒక జాగర్ అతని పక్కన ఆగి, వంగి, షూ లేసు బిగించుకున్నాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్ చప్పుడు అలల హోరులో కలిసిపోయింది. జాగర్ మళ్ళీ పరుగందుకున్నాడు.

సుధాకరన్ సముద్రం వైపు చూస్తూనే ఉన్నాడు. పక్కనున్న పెద్దాయన టైమెంతయిందని అడిగేదాకా అతను చనిపోయాడని ఎవరికీ తెలియలేదు.

* * *

రెడ్డియార్‌పాళయం మార్కెట్ వెనక ఆగిన కూరగాయల వ్యానులో బ్రీఫింగ్ జరిగింది. కోమలకు ఎదురుగా, ఖాళీ టమాటా పెట్టె మీద రహస్య పోలీసు విభాగం చీఫ్ గోవిందరాజన్ కూర్చున్నాడు.

"సుధాకరన్ ఎవరో తెలుసుగా?"

"ఓడలో రేడియో ఆపరేటర్. విదేశీ ముఠా ఈ తీరంలో ఆయుధాలు దించడం చూసిన సాక్షి. మారుపేరుతో ఒర్లియంపేటలో దాచాం, సార్."

"ఆ అడ్రసు వాళ్ళకెలా తెలిసింది?"

గోవిందరాజన్ తానే చెప్పుకుపోయాడు.

"సాక్షుల అడ్రసులన్నీ ఒక వెబ్ అప్లికేషన్‌లో ఉన్నాయి. జావా అప్లికేషన్, టామ్‌క్యాట్ సర్వర్. సీబ్రీజ్ అనే ప్రైవేటు ఆఫీసు నడుపుతోంది. ఎస్సెమ్మెస్‌లు వచ్చేదీ పోయేదీ దాని మీదుగానే. ఎవరు ఏ అడ్రసు తెరిచారో, ఎవరికి ఏ ఎస్సెమ్మెస్ పంపారో ఆ సర్వర్ లాగ్‌లో అంటే తన చిట్టాలో రాసుకోవాలి. రాయడం లేదు."

"లాగింగ్ ఆపేశారా?"

"సాక్షుల భాగం ఒక్కదానికే. లెవెల్ ఆఫ్. మిగతావన్నీ మామూలుగానే రాస్తోంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నువ్వు లోపలికెళ్ళి దాని నోరు తెరిపించాలి. చిన్న పనీ వదలకుండా రాసేలా లెవెల్ డీబగ్‌కు మార్చు. ఆ లైన్లు నీ లాప్‌టాప్‌కీ, చెన్నైలో నా మెషీన్‌కీ మాత్రమే రావాలి."

సర్వర్లు కోమలకు కొత్త కాదు. ఫీల్డ్ కొత్త. ఇంతవరకు ఆమె పని చేసిందంతా తాళం వేసిన గదుల్లో, కీబోర్డు ముందు.

"ఇంకో సాక్షి ఉంది. కనగం. ఆ ఓడలో వంట చేసేది. మురుంగపాక్కంలో ఉంది. రేపు కోర్టుకు రావాలి. ఈలోగా ఆమెను చంపుతారు."

"వేరే ఇంటికి మార్చేస్తే?"

"కోర్టు ఉత్తర్వు ప్రకారం ఆ కొత్త అడ్రసూ అదే సర్వర్లో ఎక్కాలి. దొంగ దొరికేదాకా ఆమెకు ఏ ఇల్లయినా ఒకటే. మనవాళ్ళు దూరంగా కాపలా ఉన్నారు. కానీ వచ్చేవాడు ఏ వేషంలో వస్తాడో వాళ్ళకు తెలీదు." గోవిందరాజన్ ఆమె చేతిలో ఒక లిప్‌స్టిక్ పెట్టాడు. మూత తీస్తే లోపల పెన్‌డ్రైవ్. "ఆఫీసులో మనవాళ్ళు ఎవరూ లేరు. ఉన్నామని ఎవరైనా చెబితే నమ్మకు."

* * *

యాంటీవైరస్ లైసెన్సులు తనిఖీ చేసే ఇంజినీరుగా కోమల సీబ్రీజ్‌లో అడుగుపెట్టింది. కళ్ళద్దాలు, మెడలో ఐడీ కార్డు, భుజాన లాప్‌టాప్ బ్యాగు. బ్యాగు పట్టీని గట్టిగా పట్టుకుంది.

సర్వర్ గదిలో ఇద్దరే పనిచేస్తారు. మేనేజర్ మోనిక గాజు క్యాబిన్‌లో ఉంటుంది: ఎర్రటి సిల్కు చొక్కా, ఖరీదైన సెంటు, నవ్వని కళ్ళు. సిస్టమ్ అడ్మిన్ దామోదరం తల నెరిసిన మనిషి, నుదుట విభూతి. కోమల ఐడీ కార్డు మీద పేరూ ఊరూ చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"నెల్లూరా? తెలుగుబిడ్డవే. దా పాపా, కూర్చో. ఈ ఆఫీసులో తెలుగు మాట్లాడి ఎన్నాళ్ళయిందో."

"మీరూ తెలుగువాళ్ళేనా సార్?"

"సార్ ఏంది, మామా అను. మా ఇండ్లల్లో అంతా తెలుగే. రాసేది, చదివేది మాత్రం రాదు." ఆయన మురుకుల డబ్బా ఆమె ముందుకు జరిపాడు. "తిను. మొగం యాల అట్ల వాడిపోయింది, ఏమైంది?"

ఆ మాటలోని ఆప్యాయతకు కోమలకు కాస్త ధైర్యం వచ్చింది. క్యాబిన్‌లోంచి మోనిక తనను చూస్తోందని గమనించగానే అది పోయింది.

ఆయన ఫోన్ మాట్లాడటానికి అవతలికి వెళ్ళినప్పుడు ఆమె లిప్‌స్టిక్‌ను ఆయన మెషీన్‌లో గుచ్చింది. చిట్టాలో ఏం రాయాలో సర్వర్‌కు చెప్పే లాగ్‌ఫోర్‌జే కాన్ఫిగరేషన్ ఫైల్ తెరుచుకుంది. సాక్షుల భాగం ఎదురుగా ఆఫ్ అని ఉంది. చెరిపి డీబగ్ అని కొట్టింది. లైన్లు ఎక్కడికి వెళ్ళాలో రాసింది. ప్రతి లైనులో యూజర్ పేరుతో పాటు ఏ మెషీన్ నుంచో కూడా పడేలా మార్చింది. సేవ్ చేసింది. సర్వర్‌ను రీస్టార్ట్ చేయనక్కర్లేదు. ఆ ఫైల్‌ను అది నిమిషానికోసారి తనంతట తానే తిరిగి చదువుకుంటుంది.

పెన్‌డ్రైవ్ తీసి పక్క బల్ల దగ్గర కూర్చుంది. దామోదరం తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు. ఆయన తలకు పైన, గోడకు, అందరికీ కనబడేలా పెద్ద స్క్రీన్ ఉంది. సర్వర్ మెయిన్ లాగ్ రోజంతా దాని మీద పారుతూ ఉంటుంది.

ఆ స్క్రీన్ మీద డీబగ్ లైన్లు మొదలయ్యాయి.

ఎక్కడ తప్పిందో కోమలకు వెంటనే తెలిసింది. అడిటివిటీ. దాన్ని ఫాల్స్ చేయకపోతే ప్రతి లైనూ కొత్త దారిలోనే కాక పాత దారిలోనూ వెళుతుంది. ట్రైనింగ్‌లో పదిమందికి పాఠం చెప్పిన విషయం. భయంలో మరిచిపోయింది.

దామోదరం వీపు స్క్రీన్ వైపు ఉంది. తల తిప్పితే చాలు.

"మామా," అంది. "మీవాళ్ళు ఈ ఊరికి ఎప్పుడొచ్చినారు?"

"మా తాతలకు తాతల నాడు పాపా. గుర్రాల మీద వచ్చినారని మా అవ్వ చెప్పేది. గుర్రమో గాడిదో, ఎవరు చూసినారు?" ఆయన నవ్వాడు. ఆమె నవ్వుతూ, ఆయన ముఖం మీంచి చూపు తిప్పకుండా, లాప్‌టాప్‌లోంచి సర్వర్‌లోకి వెళ్ళి ఆ ఒక్క లైను చేర్చింది. సేవ్ చేసింది. ఇక సర్వర్ చదువుకోవాలి. ఆయన అవ్వ గురించి, చెరకు తోట గురించి చెబుతున్నాడు. ఆయన భుజం వెనక ఎవరెవరో అడ్రసులు వెతికిన లైన్లు ఒకదాని కింద ఒకటి దిగుతున్నాయి.

లైన్లు ఆగిపోయాయి.

ఆమె ఊపిరి వదిలింది. అప్పుడు చూసింది, గాజు అద్దం అవతల మోనిక లేచి నిలబడి ఉంది. చూపు స్క్రీన్ మీద నుంచి కోమల మీదికి దిగింది. తలుపు తీసి ఇంగ్లీషులో అంది.

"లైసెన్స్ మేడమ్, ఒకసారి లోపలికి రండి. లాప్‌టాప్‌తో సహా."

* * *

మోనిక తలుపు గడియ వేసింది. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి చిన్న పిస్టల్ తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ లైన్లు చూశాను. ఎవరి మనిషివి?"

కోమల లాప్‌టాప్‌ను బల్ల మీద తెరిచి పెట్టి కుర్చీలో కూర్చుంది.

"అయితే ముందు నా సంగతి నేను చెబుతాను. రెండేళ్ళుగా ముఠా నన్ను తమ మనిషి అనుకుంటోంది. నిజానికి నేను ఢిల్లీలోని ఒక రహస్య విభాగానికి పనిచేస్తున్నాను. ఇక్కడ వాళ్ళ అసలు మనిషి ఇంకొకరున్నారు. ఎవరో నాకు దొరకలేదు."

ఉన్నామని ఎవరైనా చెబితే నమ్మకు. చీఫ్ మాట కోమల చెవుల్లో మోగింది. పిస్టల్ తన చేతికి అందేంత దూరంలోనే ఉంది. అందుకుంటే కాల్చగలదా? తెలియదు.

లాప్‌టాప్ మీద ఒక కొత్త లైను పడింది. ఎస్సెమ్మెస్. పంపిన యూజర్: మోనిక. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న మాట మాత్రం తెలుగు. "సరుకు తడిసింది. ఆగు."

కోమల తలెత్తింది. మోనిక రెండు చేతులూ బల్ల మీదే ఉన్నాయి. ఆమె ఏ మీటా నొక్కలేదు.

"మీకు తెలుగు వచ్చా?"

"ఒక్క ముక్క రాదు. ఎందుకు?"

కోమల లైను చివర చూసింది. మెషీన్ పేరు అక్కడే ఉంది. తాను పెన్‌డ్రైవ్ గుచ్చిన మెషీన్. మురుకుల డబ్బా పక్కనున్నది. దామోదరం పాస్‌వర్డు దొంగిలించి మోనిక పేరుతో పంపుతున్నాడు, కుర్చీ మాత్రం ఆయనదే.

మరో లైను. జవాబు: "పోలీసు జీపు పోయింది. గ్యాస్ బండితో గేటు దగ్గరున్నా."

ఆ వెంటనే ఇంకొకటి, ఆయన నుంచి: "సరుకు ఎండింది. ఎత్తు."

సరుకంటే కనగం. "మీ పాస్‌వర్డు కొట్టండి," అంది కోమల. మోనిక ప్రశ్న వేయకుండా కీబోర్డు మీదికి వంగి కొట్టింది. కోమల అదే నంబరుకు అదే భాషలో రాసింది. "సరుకు తడిసింది. ఆగు." వేళ్ళు జారాయి. చెరిపి మళ్ళీ కొట్టింది. పంపింది. రెండో చేత్తో చీఫ్‌కు ఫోన్ కలిపింది. "గ్యాస్ సిలిండర్ల వాడు, సార్. గేటు దగ్గర. ఇప్పుడే."

అవతల చీఫ్ వైర్‌లెస్‌లో అరుస్తున్నాడు. కోమల కళ్ళముందు తానెన్నడూ చూడని ఒక ఆడమనిషి చెయ్యి తుడుచుకుంటూ తలుపు దగ్గరికి నడుస్తోంది.

లైను పడింది: "తలుపు తీసింది. ఇప్పుడు ఆగేదేంది?"

మరో లైను రాలేదు. ఫోన్‌లో ఏవో కేకలు, ఇనుప సిలిండర్ రోడ్డు మీద దొర్లిన మోత. తర్వాత చీఫ్ గొంతు, అలసటగా. "రివాల్వర్ తీయబోతూ మెసేజ్ చదవడానికి ఆగాడు. మనవాళ్ళు మీద పడ్డారు. కనగం క్షేమం. ఖాళీ సిలిండర్ ఇవ్వాలా వద్దా అని అడుగుతోంది."

గాజు తలుపు మీద మెల్లగా తట్టిన చప్పుడు. దామోదరం. మోనిక పిస్టల్ అందుకుని గడియ తీసింది. ఆయన పిస్టల్ వైపు చూడనే లేదు. కోమలనే చూస్తున్నాడు.

"నా ఫైలును కెలికినావు కదా పాపా. దాని మీద తేదీ మారిందని ఇప్పుడే చూసినా."

"యాల చేసినారు మామా?" ఎందుకని ఆయన యాసలోనే అడిగింది కోమల.

"మొదట ఒక్క అడ్రసు అడిగినారు. భయపడి ఇచ్చినా. ఇచ్చినాక ఇంకా భయమైంది." ఆయన వచ్చి కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. "నువ్వు లోపలికొచ్చినప్పుడే నీ మొగంలో ఆ భయం చూసినా. నా మొగం మాదిరే ఉండె."

పోలీసులు వచ్చి ఆయన్ని తీసుకెళ్ళారు. మోనిక నీళ్ళ గ్లాసు అందించింది. సగం కోమల చొక్కా మీదే ఒలికింది.

ఫోన్ మోగింది. గోవిందరాజన్.

"బాగా చేశావమ్మా. ఇక ఆ డీబగ్ తీసెయ్. మీ సర్వర్‌కు నోరు తెరవడమే తెలుసు, మూయడం తెలీదు. డీబగ్ లైన్లతో నా డిస్కు నిండిపోయింది. సేవ్ చేయబోయిన ఫైలల్లా పోతోంది."

"నిన్న మీకు పంపిన నా సెలవు అప్లికేషన్, సార్?"

"అదే ముందు పోయింది."