ముక్కు ఎగరేయని ఫోను

ఆదివారం పొద్దున జిప్పోరా వంటింట్లో ఇడ్లీ పిండి పోస్తోంది. చర్చికి ఇంకా గంట టైముంది. ఆమె మామగారు హెన్రీ, రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్, మనవరాలి లెక్కల నోట్సు తిరగేస్తున్నాడు. కృపాజ్యోతికి ఇంటర్ మొదటి ఏడాది పరీక్షలు నెలరోజుల్లో ఉన్నాయి.

లెక్కలన్నీ ఒక్క కొట్టివేత లేకుండా ముచ్చటగా ఉన్నాయి. ఆఖరి లెక్క కింద ఇంగ్లీషులో ఇంకో వాక్యం ఉంది, 'మరో లెక్క చేసి పెట్టమంటారా?' అని. అదీ పిల్ల చేతిరాతే. ఫోనులోని ఏఐ చెప్పిందంతా, దాని మర్యాదతో సహా, ఎక్కించేసింది.

హెన్రీ ముక్కు ఎగరేశాడు. నోట్సును రెండు వేళ్లతో పట్టుకొని బల్ల మీద పడేశాడు.

"చీ. ఏందే ఇది? ఎవడో తిని వదిలేసిన పళ్లెంల చెయ్యి పెట్టినట్టుంది."

అద్దం ముందు తల దువ్వుకుంటున్న కృప చెయ్యి ఆగింది. "హోంవర్కే గద తాతా."

"జర మెల్లగ, మామయ్యా," అంది జిప్పోరా లోపలి నుంచి. "చర్చికి పొయ్యే ముందు గీ లొల్లి ఏంది?"

"ముప్పై ఏండ్లు పాఠం చెప్పినోణ్ని నేను ఇంట్ల ఉంటే, గా డబ్బాను అడుగుతదా?"

"నిన్నే అడిగిన," అంది కృప. "దసరా సెలవులల్ల మూడుసార్లు అడిగిన. మూడుసార్లూ ముక్కు ఎగరేసి 'గిది గూడ రాదా' అన్నవ్. ఫోను గట్ల మొహం పెట్టదు. పదిసార్లడిగినా చెప్తది." దువ్వెన కింద పెట్టింది. "పదిసార్లు చెప్తే గాని ఎక్కదు నాకు. పరీక్ష రాయను తాతా. వచ్చే ఏడు లెక్కలు, ఫిజిక్స్ లేని సీఈసీల చేరుత."

జిప్పోరా గరిటెతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. అయిదో తరగతి నుంచి తాతలా ఫిజిక్స్ చెప్తానన్న పిల్ల ఇది.

హెన్రీ బదులు చెప్పబోతూ అద్దంలో తన మొహం చూశాడు. ముక్కు ఇంకా పైకే ఉంది. భోజనాల దగ్గర ఆ మొహం కనబడితే భార్య ఫ్లోరా నవ్వి, "క్లాసు అయిపోయింది సార్" అనేది. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆ మాట మళ్లీ అన్నవాళ్లు లేరు. ఇప్పుడు ఆయనకు నోట్సు మీద కాదు, ఆ మొహం మీదే రోత పుట్టింది.

ఆరాధన అయ్యాక కృపను మొజంజాహీ మార్కెట్‌కు తీసుకెళ్లాడు. కప్పులో గుండ్రటి సీతాఫలం ఐస్‌క్రీం కరుగుతోంది.

"ఇది బంతి అనుకో. వ్యాసార్థం తగ్గుతుంటే ఘనపరిమాణం ఎంత జల్ది తగ్గుతది?" అంటూ చర్చిలో ఇచ్చిన కాగితం వెనక పెన్సిలుతో లెక్క వేశాడు.

కృప కాసేపు చూసి ఒక చోట వేలు పెట్టింది. "తాతా, ఇక్కడ వ్యాసార్థం తగ్గే వేగం, డీఆర్ బై డీటీ, మర్సినవ్."

నిజమే, మరిచిపోయాడు. తల దించుకొని, ఆ పిల్ల ముక్కు ఎగరేస్తుందేమోనని ఓరగా చూశాడు. ఆమె ముక్కు కదల్లేదు.

"నీకెట్ల తెల్సు?"

"నేనూ గాడనే మర్సిపోతుండె. ఫోను పదిసార్లు చెప్పింది గద." పెన్సిలు ఆయన చేతిలోంచి తీసుకొని మెల్లగా దిద్దింది. "ఏం గాదులే."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "పరీక్ష రాస్తవా, బిడ్డా?"

కృప కప్పు ఆయన వైపు జరిపింది, కాగితం తన వైపు తిప్పుకుంది.

"మరో లెక్క చేసి పెట్టమంటారా, సార్?"