కిటికీ పక్క బెంచీ

"ఇది ఇల్లా, తుక్కు సామాన్ల కబాడీ దుకాణమా? లోపలికి రావాలంటే టికెట్ కొనాలా?" అంది గంగాభవాని, నా కిటికీలు చూసి. తెలుగు సంఘం వాళ్ల చవితి పందిరికి పిలవడానికొచ్చిన పిల్ల!

ఒళ్లు మండిపోయింది. ఉర్లా పారిశ్రామికవాడ ఫ్యాక్టరీలో వారమంతా వెల్డింగు చేసి, ఆదివారాలన్నీ ధారపోసి కట్టుకున్న ఇల్లు. కూలగొట్టిన గోడౌను ఇటుకలు, తుక్కు రేకులు, రైల్వే వేలంలో కొన్న పాత బోగీ కిటికీలు, చెక్క బెంచీలు. టికెట్ లేనివాళ్లని దించేస్తానన్నాను. పకపకా నవ్వింది. అంతే, నా పని అయిపోయింది.

ఏడాది తిరిగేసరికి మా సంగతి వాళ్ల నాన్న మల్లేశ్వరరావుగారి దాకా వెళ్లింది. ఆయన రైలు గార్డుగా చేసి రిటైరైన మనిషి. సూరిబాబు మంచివాడేగానీ, తుక్కు ఇంట్లోకి పిల్లనెలా పంపుతాం, చూశాకే ఏ మాటైనా అన్నారట. నాన్న కాదంటే తను ఎదురు చెప్పలేనని భవాని ముందే చెప్పేసింది. నాకు అన్నం సహిస్తే ఒట్టు.

ఖర్మ, వాళ్లిద్దరూ వచ్చిన రోజే కుండపోత వాన. ఎక్కడ కారుతుందోనని నా చూపంతా కప్పు మీదే. ఆయన గోడ తట్టారు, బోల్టులు కదిపి చూశారు. చివరికి చెప్పులు విడిచి కిటికీ పక్క బెంచీ మీద కూర్చుని, షట్టరు దించి కళ్లు మూసుకున్నారు.

కోపమా అని భవానికి సైగ చేశాను. ఏమో అన్నట్టు తలూపి, కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

కాసేపటికి గురక వినిపించింది. రిటైరయ్యాక నాన్నకి నిద్రే పట్టడం లేదని భవాని గుసగుసగా చెప్పింది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు. లేపే ధైర్యం ఇద్దరికీ లేదు.

రేకుల మీద వాన చప్పుడు ఆగగానే, రైలు ఆగినట్టు, ఆయన ఉలిక్కిపడి లేచారు. ఆ మత్తులోనే కాళ్లతో చెప్పులు వెతుక్కుంటూ, "ఏ స్టేషనమ్మా?" అన్నారు.

భవాని నా వైపు చూసింది.

"మా ఇల్లు నాన్నా," అంది.

మా ఇల్లు! ఆయన కాలు చెప్పు దగ్గరే ఆగిపోయింది. కూతుర్ని చూశారు, నన్ను చూశారు, చుక్క కూడా కారని కప్పుని చూశారు.

"అయితే ఇప్పుడే దిగక్కర్లేదు," అంటూ చెప్పులు బెంచీ కిందకి తోసేశారు. "సూరిబాబూ, టీ పెట్టు. తాగి ముహూర్తం సంగతి మాట్లాడుకుందాం."