ఉదయలక్ష్మి వెనక్కి పట్టుకెళ్ళిన స్వీట్ బాక్స్

"అంకుల్, పోయినేడు మీరు నా రిటర్న్ తప్పు పెట్టిండ్రు."

గరాజ్‌లో అందరూ తలలెత్తారు. ఉమామహేశ్వరరావు గారిని పట్టుకుని 'తప్పు' అన్నవాళ్ళు అంతవరకూ లేరు.

ఆగస్టు వచ్చిందంటే, కంగారూల దేశంలోని ఈ కెల్లీవిల్ తెలుగువాళ్ళ శనివారాలు ఆ గరాజ్‌లోనే గడుస్తాయి. ఆయన రిటైరైన సివిల్ ఇంజినీరు. వంతెనలు కట్టడం అయిపోయాక, తెలిసినవాళ్ళందరి చేతా దగ్గరుండి ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేయించడం పెట్టుకున్నారు. ఫీజు లేదు, ఒక స్వీట్ బాక్స్ తెస్తే చాలు. కొడుకు కిట్టు లాప్‌టాప్ ముందు కూర్చుని, నాన్న చెప్పినచోట టిక్ పెడతాడు. తల్లి లలితకుమారి అందరికీ అల్లం టీ ఇస్తుంది.

ఇప్పుడు కాజూ కత్లీ డబ్బా బల్ల మీద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడ్డ అమ్మాయి ఉదయలక్ష్మి. వరంగల్ పిల్ల. పారమట్టాలో ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం.

"ఏం తప్పమ్మా?" అన్నారాయన.

"నేను ఈడనే ఉంటున్న, ఈడనే పని చేస్తున్న. మీరేమో టాక్స్ లెక్కల నన్ను ఫారినర్ అని పెట్టిండ్రు. ఈడోళ్ళకైతే కొంత జీతం దాకా టాక్సే ఉండదు, నాకేమో మొదటి డాలర్ నుంచే కోసిండ్రు."

"పర్మనెంట్ వీసా, అదే పీఆర్, నీకు లేదుగా! పీఆర్ వచ్చేదాకా మనం ఫారినర్లమే."

"వీసా వేరే, టాక్స్ వేరే అంకుల్. వాళ్ళ వెబ్‌సైట్ల సాఫ్ రాసుంది."

"కాస్త ఎక్కువ కడితే ఏం పోయిందమ్మా? ఫైల్ క్లీన్‌గా ఉంటుంది. టాక్స్ వాళ్ళతో పేచీ పెట్టుకుంటే రేపు వీసా మీదకొస్తుంది."

ప్లాస్టిక్ కుర్చీల్లోని తలలన్నీ అవునవునని ఊగాయి.

"ఎవరి వీసా మీదికొచ్చింది? ఒక్క పేరు చెప్పుండ్రి."

కిట్టుకి ఒళ్ళు మండింది.

"హలో మేడమ్! ఫ్రీగా హెల్ప్ చేస్తుంటే కొంచెమైనా రెస్పెక్ట్ ఉండాలి."

"ఫ్రీగా చేస్తే తప్పు ఒప్పయితదా? టిక్ పెట్టిన చెయ్యి మీదే కద. మీరన్నా చదివి పెట్టిండ్రా?"

కిట్టు చదవలేదు. నాన్న చెప్పారు, పెట్టాడు. అంతే.

ఉదయలక్ష్మి కాజూ కత్లీ డబ్బా చంకలో పెట్టుకుంది. "తప్పు దిద్దినంక ఇస్త" అని, గొడుగైనా లేకుండా వానలోకి నడిచింది. ఎంత పొగరు అనుకున్నాడు కిట్టు. అనుకుంటూనే ఆమె కారు మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయాడు.

ఆదివారం పొద్దున కూర్చుని టాక్స్ వాళ్ళ వెబ్‌సైట్‌లో ఆ పేజీ మొత్తం చదివాడు. ఆమె చెప్పిందే నిజం. ఆ కిందే ఇంకో సంగతి కూడా ఉంది. తప్పు దిద్దుకోవడానికి రెండేళ్ళే గడువు. 'మీతో మాట్లాడాలి' అని మెసేజ్ పెట్టాడు. 'రేపు మధ్యాహ్నం, స్టేషన్ ఎదురుగ. కాఫీ మీరే కొనాలె' అని జవాబొచ్చింది.

"సారీ. మీరే కరెక్ట్," అన్నాడు కాఫీ ముందుకు జరిపి. "మీ రిటర్న్ నేనే దిద్దిపెడతాను."

ఆమె పకపకా నవ్వింది. "నాది ఎప్పుడో దిద్దుకున్న. బస్సుల కూర్చొని, ఫోన్ల. రిఫండ్ గూడ వచ్చింది."

"మరి శనివారం అంత గొడవెందుకు?"

ఆమె నవ్వు ఆగిపోయింది. "నీలిమక్క కోసం. మా ఇంట్ల పక్క రూమ్‌ల ఉంటది. ఏజ్డ్ కేర్‌ల ముసలోళ్ళను చూసుకునే పని, నడుం విరిగేటట్టు చేస్తది. రెండేండ్ల కింద ఆమెది గూడ గట్లనే పెట్టిండ్రు. ఈ నెలాఖరుకి గడువు అయిపోతది. నేను చెప్తే వింటలేదు. 'అంకుల్ చెప్పలే కద, వీసాకేమన్న అయితే?' అని ఏడుస్తది. మీ నాన్న నోటితోనే రావాలె. ఆమె కష్టం ఆమెకు రావాలె. నేనైతే ఊకోను."

ఎవరో అక్క కోసం అంతమందిలో మాట పడి వెళ్ళిన పిల్ల! అంతే, మనసిచ్చేశాడు, కిట్టు పని అయిపోయింది.

"మా నాన్న ఒప్పుకోరండీ," అన్నాడు నీరసంగా.

"మీరు?"

కిట్టు కాఫీ సగంలోనే వదిలేసి ఇంటికొచ్చాడు.

మళ్ళీ శనివారం, మళ్ళీ వాన. గరాజ్ నిండుగా ఉంది. గుమ్మం దగ్గర ఉదయలక్ష్మి చేతులు కట్టుకుని నిలబడింది. కిట్టు లాప్‌టాప్ తెరవకుండా లేచాడు.

"నాన్నా, టెంపరరీ వీసా వాళ్ళందరికీ మనం తప్పు పెట్టాం. టిక్ పెట్టింది నేనే. గడువు దాటకముందే అందరికీ చెప్పాలి."

"లోపల మాట్లాడుకుందాం. కూర్చో."

"కూర్చోను. తప్పు అందరి ముందూ చేశాం. ఒప్పుకోవడం కూడా అందరి ముందే."

పుట్టి బుద్ధెరిగాక నాన్నకి ఎదురుచెప్పడం అతనికిదే మొదలు. కుర్చీని కాలితో వెనక్కి నెట్టాడు. ఆయన మొహం జేవురించింది.

టీ ట్రే పట్టుకున్న లలితకుమారి మెల్లగా అంది: "ఏవండీ, వంతెన లెక్క తప్పిందని తెలిస్తే, పరువు పోతుందని అట్లాగే కట్టేసేవాళ్ళా?"

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, లాప్‌టాప్ లాక్కుని తెరిచి, టాక్స్ వాళ్ళ వెబ్‌సైట్‌లో ఆ పేజీ చివరిదాకా చదివారు. మళ్ళీ మొదటినుంచి చదివారు. తర్వాత ఫోన్ తీసి స్పీకర్ నొక్కారు.

"అమ్మా నీలిమా, అంకుల్‌ని. నీ రిటర్న్ నేను తప్పు వేయించానమ్మా. దిద్దుకుంటే వీసాకేం కాదు, భయపడకు. ఇవాళే రా, నేనే పక్కన కూర్చుని చేయిస్తా."

అవతల వెక్కిళ్ళు వినబడ్డాయి. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమ్మా వరంగల్! నా కాజూ కత్లీ ఏదీ?"

"అది తినేసిన అంకుల్. కొత్త డబ్బా కార్ల ఉంది."

"కిట్టూ, గొడుగు పట్టుకెళ్ళు!"

ఉన్నది ఒకటే గొడుగు. కారు దగ్గర కిట్టు ఇక ఆగలేకపోయాడు. "ఉదయా, నువ్వంటే నాకిష్టం. మా నాన్నకే ఎదురుచెప్పా కాబట్టి ఇంకెవరికైనా ఏమైనా చెప్పగలను. అందుకే చెబుతున్నా."

ఆమె డబ్బా తీసి అతని చేతిలో పెట్టింది. "కూర్చో అన్నా కూర్చోలే చూడు, గప్పుడే నాకు సమజైంది."

"ఏం సమజైంది?"

"నా పని గూడ అయిపోయిందని."

కిట్టు డబ్బాని గుండెకి హత్తుకున్నాడు. "మళ్ళీ దీన్ని వెనక్కి తీసుకోవుగా?"

"తప్పు చేస్తే తీస్కుంట," అంది ఉదయలక్ష్మి గొడుగు లాక్కుని. "మొగుడైనా సరే."