తలుపవతల అమ్మ గొంతు

ఆదివారం మధ్యాహ్నం ఆఫీసులో పురుగు కూడా లేదు. మూడు బల్లలు, నాలుగు కంప్యూటర్లు, ఎవరూ నీళ్లు పొయ్యక కుండీలో ఎండిపోయిన మొక్క. ఆటగాడు ఇంటి నుంచి తెచ్చిన దుప్పట్లు కిటికీలకి కట్టి గదిని చీకటి చేస్తుంటే అతని భార్య కుర్చీలో కూర్చుని ఆవలించింది. కంప్యూటర్ ఆటలు తయారుచేయడం అతని పని కాబట్టి ఆమె పనిచేసే చోట అందరూ అతన్ని ఆటగాడనే అంటారు. ఆమె కళ్లద్దాల షాపులో ఫ్రేములకి అద్దాలు బిగిస్తుంది కాబట్టి ఇతని ఆఫీసులో ఆమె పేరు కళ్లద్దాలమ్మ. సొంత ముక్కు మీద మాత్రం ఏనాడూ అద్దాలు పెట్టి ఎరగదు.

"నీలాంటివాళ్లే కావాలి," అన్నాడతను. "జన్మలో ఒక్క ఆట కూడా ఆడనివాళ్లు. మొదటి భాగం ఆడి చూడు, చాలు. భయమేస్తుందో లేదో తెలియాలి."

"నిన్ను చేసుకున్నదాన్ని, నాకింకేం భయం?"

అతను నవ్వి పద్ధతి చెప్పాడు. కొత్త మనిషి ఆడుతుంటే తయారుచేసినవాడు వెనక కూర్చోవాలి గానీ నోరు విప్పకూడదు. ఆడే మనిషి దారి తప్పినా, తిట్టినా, ఏడ్చినా ఒక్క మాట సాయం చెయ్యకూడదు. చేస్తే ఆ పరీక్ష ఇంక పనికిరాదు. ఈ విషయంలో అతను మహా పట్టుదల మనిషి. దీపం ఆర్పేసి, ఆమె వెనక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుని కంట్రోలర్ చేతిలోకి తీసుకుంది.

తెర మీద ఒక నడవా. పొడుగ్గా, ఇరుగ్గా ఉంది. గోడకి చెమ్మ పట్టి రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. ఎక్కడో కొళాయి సరిగ్గా కట్టకుండా వదిలేసినట్టు చుక్క చుక్కగా చప్పుడు. మొదట్లో ఆమె గోడల్ని గుద్దుకుంటూ, నేలని చూస్తూ, తన చేతకానితనానికి తానే నవ్వుకుంటూ నడిచింది. కాసేపటికి నవ్వు తగ్గింది. దుప్పట్ల ముక్కిన వాసన కూడా ఆ నడవాలోంచే వస్తున్నట్టు అనిపించసాగింది. నడిచేకొద్దీ వెనకున్న దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. చివర ఒక తలుపుంది.

తలుపవతల ఎవరో గొంతు సవరించుకున్నారు.

"నేనే... తలుపు తియ్యవే... ఎంతసేపని నిలబడను?... ఊఁ... సర్లే."

ఆమె నడక ఆపేసింది. అది అమ్మ గొంతు.

అమ్మకి ఫోన్లో రాయడం రాదు. ఏదైనా మాట్లాడే పంపేది. అది కూడా అవతల మనిషి ఉన్నట్టే. అడిగి, జవాబు కోసం ఆగి, రాని జవాబుకి ఊఁ కొట్టి, మళ్లీ మాట్లాడేది. ఆ ఖాళీలు విని కూతురు పడీ పడీ నవ్వేది. ఈ మాటలు కాలింగ్ బెల్ పాడైన రోజువి. మెట్ల మీద నిలబడి పంపింది.

అమ్మ పోయిన వారానికే, ఆ మాటలన్నీ ఉన్న కూతురి ఫోను నీళ్లల్లో పడింది. బాగుచేయించుకొస్తానని ఆటగాడే తీసుకెళ్లి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అంతా పోయింది, ఒక్క ముక్క కూడా రాలేదన్నాడు. ఆ రోజు ఆమె అమ్మ రెండోసారి పోయినట్టు ఏడ్చింది. మొన్నటికి మొన్న అతని భుజం మీద తల పెట్టి, "అమ్మ మొహం గుర్తొస్తోంది గానీ గొంతు గుర్తు రావట్లేదు, భయంగా ఉంది," అని చెప్పుకుంది కూడా. అతను జుట్టు నిమిరాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది ఆమె పని.

హెడ్‌ఫోన్లు మెడ మీదకి లాగి వెనక్కి తిరిగింది. అతను తేలు కుట్టిన దొంగలా కూర్చుని, పెదవుల మీద వేలు పెట్టాడు.

"ఇంకా నీ పద్ధతేనా? మాట్లాడు."

"అది కాదు... కొంత దొరికింది," అన్నాడు చివరికి. "నువ్వు వింటే మళ్లీ మంచం పడతావని... తర్వాత ఆ ఆగి ఆగి మాట్లాడటం విన్నాక, ఆటకి అంతకంటే మంచి గొంతు దొరకదనిపించింది. ముందే చెబితే నీకు భయమేయదు కదా."

"మా అమ్మని దెయ్యాన్ని చేశావు. అది నాకే చూపించి నా మొహం చూస్తూ కూర్చున్నావు."

"మూడే మూడు ముక్కలు వాడాను. నీ పేరున్నవి అన్నీ కోసేశాను, ఒట్టు."

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఆమెకి దుఃఖం కంటే అసహ్యం ఎక్కువగా వేసింది. ఇంతకాలం ఒకే మంచం మీద పడుకున్న మనిషేనా ఇతను అనిపించింది.

"అన్నీ నాకిచ్చెయ్. ఇప్పుడే."

మెడ మీది హెడ్‌ఫోన్లలోంచి సన్నగా, గొంతు సవరించుకున్న చప్పుడు.

"ఎవరితోనే పోట్లాట... పండూ?"

ఆమెని పండు అని పిలిచేది అమ్మ ఒక్కతే.

"ఇది... నేను పెట్టింది కాదు," అన్నాడతను గుసగుసగా. ముందుకు వంగి కీబోర్డు మీద ఏదో నొక్కాడు. తెర మారలేదు. మళ్లీ నొక్కాడు. నడవా అలాగే ఉంది. తలుపు అలాగే ఉంది.

ఆమె హెడ్‌ఫోన్లు మళ్లీ చెవులకి పెట్టుకుంది. భయం ఉంది. కానీ అది అమ్మ గొంతు... మళ్లీ దొరుకుతుందో లేదో.

"అమ్మా."

"ఊఁ."

"బాగున్నావా?"

కొళాయి చుక్కలు ఆగిపోయాయి. తలుపుకి అవతల ఎవరో ఆనుకున్నట్టు చెక్క కిర్రుమంది.

"చిక్కిపోయావే... తిండి మానేశావా?"

"లేదమ్మా... తింటున్నా."

"ఆపు," అన్నాడు వెనక నుంచి ఆటగాడు. అతని గొంతు పిల్లాడి గొంతులా ఉంది. "ఆ హెడ్‌ఫోన్లకి మైకు లేదు. నీ మాట అందులోకి వెళ్లదు... వెళ్లకూడదు."

ఆమె వినిపించుకోలేదు. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా, చిన్నపిల్లలా తలుపు వైపే చూస్తూ కూర్చుంది.

"పండూ... పక్కనే ఉన్నారా?"

"ఎవరమ్మా?"

"ఫోను ఒకసారి అల్లుడుగారికివ్వు."

ఆమె నెమ్మదిగా హెడ్‌ఫోన్లు తీసి అతని ముందుకి చాపింది. అతను కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. గోడ తగిలింది. ఇంక జరగడానికి చోటు లేదు.

"నువ్వు తెచ్చిన గొంతే కదా," అందామె. "పెద్దావిడ పిలుస్తోంది. పలుకు."

అతను హెడ్‌ఫోన్లు అందుకుని పెట్టుకున్నాడు. అవతల మాటలు ఆమెకి వినపడలేదు. అతని మొహం మాత్రం కనపడుతోంది. ముందు నెత్తురు ఇంకిపోయింది. తర్వాత, మర్యాదగా, తల వంచుకున్నాడు.

"అవునత్తయ్యగారూ... నేనే."

ఆగాడు. విన్నాడు.

"ఊఁ... చెరిపేశాను... మీరు పంపిన ఆ ఆఖరిది ఒక్కటే."

ఆమె లేచి నిలబడింది. "ఏది? ఏం చెరిపేశావు?"

అతను ఆమె వైపు చూడలేదు. చెయ్యెత్తి ఆగమన్నాడు. తెర మీద తలుపు గడియ దానంతటదే కదులుతోంది. కంట్రోలర్ బల్ల మీద ఉంది.

"లేదండీ," అన్నాడతను, ఏడుపు గొంతుతో. "మీరు ఎలా పోయారో తనకి ఇంకా తెలీదు."