స్విచ్ దించినా చెరగని జాబితా

"మళ్లీ అదే పాటా?" చీఫ్ ఫైలు పక్కకు తోశాడు.

ఏజెంట్ పిచ్చుకకు ఒళ్లు మండింది. చెప్పడం ఇది మూడోసారి. శత్రుదేశంలో మారువేషాల్లో ఉన్న నలభై ముగ్గురు ఏజెంట్ల అసలు పేర్లు, వాటిని విప్పే కోడ్‌తో సహా, ఈ భవనంలోని డేటాబేస్ సర్వర్‌లో ఉన్నాయి. ఆ నలభై ముగ్గురిలో ఒకడు అతని సొంత బావ. పాత సర్వర్‌లో ఆ కోడ్ మెమరీలో మాత్రమే ఉండేది. కరెంట్ తీస్తే చెరిగిపోయేది. అందుకే ప్రమాదం వస్తే మెయిన్ స్విచ్ దించి అందరూ బయటికి పోవాలన్నది రూలు. పోయిన నెల డేటాబేస్ వేగం పెంచడానికి కొత్తరకం మెమరీ బిగించారు. అది కరెంట్ పోయినా దేన్నీ మరిచిపోదు. పేర్లూ కోడూ రెండూ ఇప్పుడు అందులోనే. రూలు మాత్రం మారలేదు.

"సార్, స్విచ్ దించి వెళ్లిపోవడమంటే ఇంటికి తాళం వేసి తాళంచెవి గుమ్మానికే తగిలించడం."

"ఇరవై ఏళ్ల రూలయ్యా. నువ్వు నిన్నగాక మొన్న వచ్చావు. ఆ కన్సల్టెంటమ్మ మీద ఓ కన్నేసి ఉంచు, చాలు."

కొత్త మెమరీ బిగించింది ఆ కన్సల్టెంటే. ముత్యాల దుద్దులు, ఖరీదైన సెంటు, రెండు దేశాల జీతం తీసుకుంటోందని అనుమానం.

మర్నాడు పిచ్చుక ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ రూములో చేరాడు. పదకొండింటికి ఫైర్ అలారం మోగింది. పొగ లేదు, మంట లేదు. అయినా గార్డు రూలు ప్రకారం స్విచ్ దించి అందరినీ బయటికి తోలుకుపోయాడు. ఏసీ వెనక నక్కిన పిచ్చుక పళ్లు నూరుకుంటూ లేచాడు. పెన్‌టార్చి నోట కరుచుకుని, సర్వర్‌లోని ఆ కొత్త మెమరీ స్టిక్కులు నాలుగూ ఊడబెరికి మేజోళ్లలో దోపుకున్నాడు. పనిముట్ల సంచిలోని మామూలు స్టిక్కులు వాటి చోట దూర్చాడు. నాలుగోది సగం దిగి మొరాయించింది. వరండాలో హైహీల్స్ చప్పుడు. బొటనవేలు చీరుకుపోయేలా నొక్కాడు. టక్. ఏసీ వెనక్కి దూరాడో లేదో తలుపు తెరుచుకుంది.

కన్సల్టెంట్ నాలుగూ తీసి, మొదటిదాన్ని లిప్‌స్టిక్ డబ్బాలోని రీడర్‌లో పెట్టింది. ఎర్రలైటు. రెండోదీ అంతే.

"ఖాళీయా?" గొణుక్కుంది.

"కరెంట్ పోతే ఖాళీ అవదూ మేడమ్? మా రూలే అది." పిచ్చుక పిస్టల్‌తో లేచాడు.

ఆమె నెమ్మదిగా చేతులెత్తింది. "ఈ సంగతి తెలిసినవాడు మీ ఆఫీసులో ఉన్నాడన్నమాట."

"ఒక్కడే."

గేటు బయట కారులో ఆమె కోసం కాచుకున్న ఇద్దరూ దొరికిపోయారు. పిచ్చుక ఆరు పేజీల రిపోర్టు రాసి, అసలు స్టిక్కులు జతచేసి పంపాడు. సాయంత్రానికి చీఫ్ నోటు వచ్చింది: "నిందితురాలి దగ్గర దొరికిన మెమరీని పరీక్షించగా పూర్తిగా ఖాళీగా ఉన్నది. కనుక ప్రస్తుత రూలే సరైనదని రుజువైనది."

పిచ్చుక దాన్ని రెండుసార్లు చదివాడు. బావ క్షేమం. చీఫ్ అంతకన్నా క్షేమం.