ఆకు లేని పూలు

కాఫీ గ్లాసుతో పెరటి గుమ్మంలోకి వచ్చిన కూతురు, గోడ వారనున్న పూలమడిని చూసి, గ్లాసు పెదవుల దాకా పోనివ్వకుండానే నిలబడిపోయింది. మడిలో మొక్కన్నది లేదు. మట్టి చదునుగా, బోసిగా ఉంది. చనిపోయిన తల్లి తన చేత్తో నాటిన దుంపలవి. హాస్టల్లో చదివే రోజుల్లో వేసవి చివర ఇంటికి వచ్చేసరికి, గోడ పొడవునా గులాబి రంగు బూరల్లాంటి పూలు ఎదురొచ్చేవి. ఉద్యోగం వచ్చాక కూడా సెలవు ఆ రోజుల్లోనే పెట్టుకునేది. ఈసారి తండ్రి కంటి ఆపరేషన్ కోసం నడివేసవిలోనే రావలసి వచ్చింది.

మడి పక్కన ట్రేలలో టమాటా నారు నవనవలాడుతోంది. రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే ఆమెకు రెండు ఆనవాళ్లు దొరికితే చాలు, మూడోది ఊహించుకోగలదు.

“నాన్నా, అమ్మ పూలమొక్కలేవి?”

జీవితమంతా పుస్తకాలకు అట్టలు కట్టిన తండ్రి, పడకకుర్చీలో దుప్పటి అంచును అలవాటుగా మడత పెడుతున్నాడు. “ఒక కంటికి కట్టు, రెండో కంటికి చత్వారం. నన్నడుగుతావేంటే? మీ పిన్నినడుగు.”

“నిన్నే అడుగుతున్నా.”

“పెరడు ఆవిడ రాజ్యం. పూలొస్తే పూలు చూస్తా, లేకపోతే పేపరు చూస్తా.”

తల్లి పోయిన కొన్నేళ్లకు తండ్రి పెళ్లాడిన మనిషి పిన్ని. వృత్తి దర్జీ పని. ఆమెను ఏ వరుసతోనూ పిలవకుండానే కూతురు ఇంతకాలం నెట్టుకొచ్చింది. ముందు గదిలో పిన్ని పెదవుల మధ్య గుండుసూదులు పట్టుకుని ఎవరిదో జాకెట్టు చేతికి కుచ్చులు సర్దుతోంది.

“మడిలో మొక్కలేమయ్యాయి?”

“నిద్రపోతున్నాయి,” అంది పిన్ని, పెదవులు కదపకుండా. “నీళ్లు మాత్రం పొయ్యకు.”

అంతే. తలెత్తి చూడనైనా లేదు. సూదులను చూడని కూతురికి ఆ పొడిమాట దాపరికంలాగే వినిపించింది. నీళ్లెందుకు పోయకూడదు? మధ్యాహ్నం చెత్త ఎరువు గుంటలో ఎండిన పొడుగాటి ఆకులు కనిపించాక ఆ అనుమానం కాస్తా నిర్ధారణ అయింది. ఆమె గునపం తీసుకుని మడి నడుమన గుచ్చింది.

మూడో పోటుకు మెత్తగా ఏదో తెగింది. మట్టిలోంచి బయటపడిన దుంప నిలువునా చీలి, లోపల తెల్లగా, జిగటగా మెరిసింది. దాని పక్కనే మరో రెండు. వేర్లన్నీ పచ్చివే.

“నారు పెట్టడానికి పీకేశారనుకున్నా,” అంది, తడిచేతులతో పరిగెత్తుకొచ్చిన పిన్నితో. తప్పు తెలిసినా గొంతు తగ్గించలేదు. “అడిగితే సరిగ్గా చెప్పరేం?”

“అడిగావా, నిలదీశావా? నా నోటినిండా సూదులున్నాయి.”

“సూదులు తీసి చెప్పచ్చుగా.”

“నువ్వు అడిగి ఆగితే కదమ్మా తియ్యడానికి.”

“అడకత్తెరలో పోకచెక్కను నేను,” అని గుమ్మంలోంచి తండ్రి గొణిగాడు. “ఉన్న ఒక్క కన్నూ మూసుకోమంటారా?”

ఎవరూ నవ్వలేదు. పిన్ని మోకాళ్ల మీద కూర్చుని, తెగిన చోట బూడిద అద్ది, దుంపలను మెడ దాకా మళ్లీ పాతింది. “నడివేసవిలో వీటికి ఆకుండదు. ఎండిపోయినట్టే ఉంటాయి. అప్పుడు నీళ్లు పోస్తే దుంప కుళ్లిపోతుంది. వేసవి చివర ఒట్టి కాడలే లేచి పూస్తాయి. నువ్వెప్పుడూ పూలప్పుడే వచ్చావు.”

కూతురు గునపం తీసి గోడకు చేరవేసింది. మర్నాడే ప్రయాణమైంది.

వేసవి చివర తండ్రి ఫోన్ చేశాడు. “నీ పూలొచ్చాయే. రెండు కళ్లతో చూశాను.”

ఆమె వచ్చింది. గోడ పొడవునా, ఒక్క ఆకైనా లేని కాడల మీద గులాబి బూరలు విచ్చుకున్నాయి. నడుమ మాత్రం, పన్నూడిన నోటిలా, తాను తవ్విన చోటు ఖాళీగా ఉంది.

“ఇక్కడివెప్పుడు పూస్తాయి?”

“కదిలిస్తే అలుగుతాయి. కొన్నేళ్లు పలకవు,” అంది పిన్ని. వేలితో మడి చివరను చూపించింది. అక్కడ ఒంటరిగా ఒకే కాడ. “అది నేను తవ్వింది. ఈ ఇంటికొచ్చిన కొత్తలో ఆకులన్నీ ఎండిపోతే, మీ అమ్మ మొక్కల్ని చంపేశానంటావేమోనని భయమేసింది. బతికున్నాయో లేదో తవ్వి చూశా. ఇన్నాళ్లకు ఈ ఏడు పూసింది.”

ఏటా వచ్చి ఈ పూలు చూసుకుని మురిసిపోయిన కూతురు, ఆ చివరి ఖాళీని ఒక్కసారైనా గమనించలేదు. కళ్లు తుడుచుకుని మట్టివైపు చూస్తూ అంది.

“నావి పూసేదాకా నడివేసవిలో కూడా వస్తాను పిన్నీ.”

పిన్ని నోట్లో ఈసారి సూదులు లేవు. మొదటిసారి విన్న ఆ పిలుపుకు నవ్వుతూ, “నీళ్లు మాత్రం పొయ్యకు,” అంది.