మూసుకుపోయిన కన్నం

ఆమె తలుపు తట్టలేదు, తోసుకునే వచ్చింది. చేతిలో ముడివేసిన రుమాలుంది. చెప్పులు కుడీ ఎడమా మార్చి తొడుక్కుందన్న స్పృహ కూడా లేదు.

"నా తమ్ముణ్ణి కాపాడండి బాబూ! చీమకి కూడా దారిచ్చి నడిచేవాడు. మనిషిని తొక్కించి చంపాడంటున్నారు!"

డిటెక్టివ్ కుర్చీ జరిపారు. ఆయన్ని గురువుగారూ అని పిలిచే అసిస్టెంటు మంచినీళ్ళిచ్చాడు. నీళ్ళు సగం గొంతులో, సగం మీదా పోసుకుంటూ ఆమె చెప్పింది.

తమ్ముడు కార్ల షెడ్డులో పనివాడు. చక్రాల పైనుండే గూళ్ళు తుప్పు పట్టకుండా రబ్బరు కోటింగు కొట్టడం అతని పని. చేతుల నలుపు ఎప్పటికీ వదలదని అందరూ అతన్ని తారు అంటారు. మొన్న సాయంత్రం ఒక తెల్ల కారుకి నాలుగు గూళ్ళూ కొట్టి, ఆరడానికి వదిలి ఇంటికొచ్చాడు. నిన్న తెల్లవారుతూనే అదే కారు వీధి ఊడుస్తున్న ఒకామెను గుద్ది, ఈడ్చుకుపోయి చంపింది. పాలవాడు నంబరు చూశాడు, నడిపినవాణ్ణి చూడలేదు. షెడ్డు తాళాలు రెండే. ఒకటి ఓనరుది, ఒకటి తారుది. ఇద్దరూ ఆ వేళకి ఇంట్లో నిద్రపోతున్నామనే అన్నారు. ఓనరు మాట నమ్మారు. తారుకి సాక్ష్యం అక్క ఒక్కతే. అక్క మాట ఎవడిక్కావాలి?

"ఆ రుమాల్లో ఏంటమ్మా?"

"వాడి చొక్కా జేబులోవండీ. ఉతకబోతే దొరికాయి."

చెక్కిన పుల్లలు. బొటనవేలంత పొడవు, ఒక కొస నల్లగా ఉంది. ఎనిమిదున్నాయి.

"వీటితో ఏం చేస్తాడు?"

"గూటికి రెండేసి కన్నాలుంటాయంట. కోటింగు కొట్టే ముందు ఇవి బిగించి, కొట్టాక లాగేస్తాడు. లేకపోతే కన్నం పూడిపోయి, నీళ్ళు లోపలే నిలిచి ఇనుము కుళ్ళిపోతుందంట. భోజనం చేస్తూ కూడా పుల్లలు చెక్కుతాడండీ, పిచ్చోడు!"

గురువుగారు ఒక పుల్ల వాసన చూసి, రుమాలు మళ్ళీ ముడివేశారు. "పదమ్మా."

షెడ్డులో ఓనరు పళ్ళు కుట్టుకుంటూ ఎదురొచ్చాడు. ముక్కు మీద పాత కళ్ళజోడు. దాని కాడకి దారం చుట్టి ఉంది. కళ్ళు చికిలించి, వచ్చినవాళ్ళు ఎవరో పోల్చుకోవడానికే అరనిమిషం తీసుకున్నాడు. వెనక గోడ మీద ఫోటోలో మాత్రం బంగారు రంగు కళ్ళజోడుతో మెరిసిపోతున్నాడు.

"పాలు పోసి పామును పెంచానండీ! నిన్ననే వెళ్ళి ఆవిడ మీద పూలుంచి వచ్చాను. మొగుడి చేతులు పట్టుకుని ఏడ్చాను కూడా," అని, పంటిలోంచి వచ్చిందేదో చూసుకుని మళ్ళీ నోట్లోనే వేసుకున్నాడు.

అసిస్టెంటు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మీరెప్పుడైనా కోటింగు గన్ను పట్టారా?" అన్నారు గురువుగారు.

"ఛీ! ఆ కంపు నాకు పడదు. ఇరవై ఏళ్ళలో ముట్టుకుంటే ఒట్టు."

తెల్ల కారు మూల నిలబడి ఉంది. పోలీసులు తలుపులకి సీలేశారు. గురువుగారు నేల మీద గోనె పరుచుకుని పడుకున్నారు. అసిస్టెంటు టార్చి పట్టాడు. మూడు గూళ్ళలో కోటింగు చక్కగా, ఒకే మందాన ఉంది. రెండేసి కన్నాలు తెరిచి ఉన్నాయి. ముందు ఎడమ గూడు చూడగానే అసిస్టెంటు ముఖం తిప్పుకున్నాడు. గడ్డలు గడ్డలుగా, పుండు మీద పొక్కు కట్టినట్టుంది. కన్నాలు లేవు. నల్లటి తోలు కింద నరాల్లా సన్నగా ఏవో ఉబ్బి ఉన్నాయి.

గురువుగారు లేచి, పక్కకెళ్ళి ఉమ్మేసి వచ్చారు. గేటు దాటాక ఒకే ప్రశ్న వేశారు. "ఇక్కడ కళ్ళజోళ్ళ షాపు ఎక్కడుందోయ్?"

మర్నాడు పొద్దున అందరూ షెడ్డులోనే కూడారు. ఇన్‌స్పెక్టరు, ఓనరు, ముసలి మెకానిక్కు, చనిపోయినామె భర్త, బేడీలతో తారు, అతని పక్కనే అక్క.

"ఓనరుగారూ, మూడు గూళ్ళలో మీ పనివాడు ఈ కన్నాలు ఎందుకొదిలేశాడంటారు?"

"ఎందుకేంటి, ఒళ్ళు బద్ధకం! నీళ్ళు లోపలికి పోవూ? అన్నీ పూడ్చెయ్యాలి. ఈ వెధవకి ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు."

మెకానిక్కు ముక్కులోంచి నవ్వాడు. "పూడ్చెయ్యాలంట! మీ ముక్కుకి కూడా రెండున్నాయి, పూడ్చెయ్యమంటారా సారూ?"

గురువుగారు రుమాలు విప్పి పుల్లలు బల్ల మీద పెట్టారు.

"లోపలికి చేరిన నీళ్ళు బయటికి కారడానికే ఈ కన్నాలు. తారు వాటిని పుల్లలతో కాపాడి, పని ముగిశాక పుల్లలు జేబులో వేసుకుని ఇంటికెళ్ళాడు. కోటింగు పైకి ఆరినట్టున్నా, లోపల పొద్దుటిదాకా జిగటే. తెల్లవారి ఎవడో ఈ కారు తీశాడు. ఆమెను ఈడ్చాడు. ఆ జిగటకి అంటుకున్నవి నీళ్ళు కొడితే పోలేదు. ఏం చెయ్యాలి? వాటి మీదే గన్నుతో మళ్ళీ కొట్టేశాడు. పుల్లలు లేవు కాబట్టి కన్నాలు పూడిపోయాయి."

"మేం బంపరు చూశాం," అని గొణిగాడు ఇన్‌స్పెక్టరు. కిందికి వంగి చూడలేదని అతని పొట్టే చెబుతోంది.

గురువుగారు చాకుతో ఎడమ గూడు ఒక పక్క కోసి, తోలు వలిచారు. కింద చీపురు పుల్లలు. వాటి మధ్య నారింజ రంగు కోటు పీలిక.

చనిపోయినామె భర్త గోడ పట్టుకున్నాడు. "దాని చీపురే. ఆ కోటు నేనే కుట్టిచ్చా."

"చూశారా!" ఓనరు అరిచాడు. "దొరికిపోతానన్న కంగారులో పుల్లలు పెట్టడం మర్చిపోయాడు, దొంగ వెధవ!"

"అవునా? మరి మీ కొత్త కళ్ళజోడు ఏది?"

ఓనరు చెయ్యి దారం చుట్టిన కాడ మీదికి వెళ్ళింది.

ఇన్‌స్పెక్టరు కళ్ళజోళ్ళ షాపు నుంచి తెచ్చిన కాగితం పొట్లం జేబులోంచి తీసి విప్పాడు. బంగారు రంగు కళ్ళజోడు. అద్దాల నిండా నల్లటి తుంపర.

"తలెత్తి గూట్లోకి కొడితే తుంపర మొహం మీదే పడుతుంది," అన్నారు గురువుగారు. "ఈయన నిన్న పొద్దున్నే దీన్ని షాపులో ఇచ్చి, రంగు పడింది, తుడవమన్నాడట. షాపువాడు గోకి చూసి, రంగు కాదు రబ్బరన్నాడు. ఇరవై ఏళ్ళలో గన్ను ముట్టని మనిషి కళ్ళద్దాల మీదికి రబ్బరు ఎలా వచ్చింది?"

"రోజూ కస్టమరు బండే వేసుకుని పార్కుకి వాకింగుకి పోతాడండీ," అన్నాడు మెకానిక్కు. "నడవడానికి వెళ్ళడానికి కూడా పరాయి కారు కావాలి. కూడు పోతుందని నోరు మూసుకున్నా. నా నోట్లో ఉమ్మండి."

ఓనరు కూలబడ్డాడు. అప్పుడైనా చనిపోయినామె పేరెత్తుతాడేమోనని అసిస్టెంటు చూశాడు.

"చీకట్లో ఆవిడే అడ్డొచ్చింది," అన్నాడు ఓనరు. "ఇప్పుడు నా షెడ్డేం గానూ?"

భర్త దగ్గరికొచ్చాడు. కొడతాడనుకున్నారు. "మొన్న నా చేతులు పట్టుకుని ఏడ్చావు కదరా," అని, తన రెండు చేతులూ ప్యాంటుకేసి తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఎంత తుడిచినా ఆపలేదు.

బేడీలు తారు చేతుల నుంచి ఓనరు చేతులకి మారాయి. అక్క ఏడుస్తూ తమ్ముణ్ణి ఇంటికి లాగింది. తారు కదల్లేదు. బల్ల మీంచి ఒక పుల్ల తీసి, గోనె మీద పడుకుని, పూడిన కన్నాన్ని పొడిచాడు.

లోపల నిలిచిన నీళ్ళు బయటికొచ్చాయి. ఎర్రమట్టి రంగు, కుళ్ళు వాసన. సన్నటి ధార కారి కారి ఓనరు బూట్ల దాకా పాకింది.

"ఇరవై ఏళ్ళు ఈ కన్నాల మీద బతికాడు," అన్నాడు తారు కిందనుంచే. "ఇవెందుకురా అని ఒక్కసారి అడగలేదు."